మబ్బు విడిచేదాకా ఆగడం: టాస్మేనియాను ఫొటోల్లో పట్టుకోవాలనుకునేవారికి

టాస్మేనియాకు మొదటిసారి వెళ్లినప్పుడు పదకొండు రోజుల్లో దీవి మొత్తం చుట్టి రావాలని పట్టుబట్టాను. రోజుకొక ఊళ్లో బస, పూటకొక వ్యూ పాయింట్, మిగిలిన సమయమంతా కారులో. తిరిగి వచ్చి చూసుకుంటే వేలకొద్దీ ఫొటోలు ఉన్నాయి గానీ, వాటిలో దాచుకోదగ్గవి మూడు కూడా తేలలేదు. రెండోసారి వెళ్లినప్పుడు రెండే చోట్ల మకాం పెట్టి, వాన వచ్చినా కదలకుండా, చూసిన చోటికే మళ్లీ మళ్లీ వెళ్లాను. ఆ దీవి మీద నాకు మనసు పడింది అప్పుడే. ఈ వ్యాసంలో చెప్పబోయేది ఆ పద్ధతే: ఏ చోటును ఎంచుకోవాలి, ఏ వెలుతురు కోసం ఆగాలి, తడిలో కెమెరాను ఎలా కాపాడుకోవాలి, మనం వచ్చిపోయిన జాడ నేల మీద మిగలకుండా ఎలా చూసుకోవాలి. కెమెరాను మాన్యువల్ మోడ్‌లో వాడడం తెలిసినవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను కాబట్టి ఎపర్చర్ అంటే ఏమిటో, షట్టర్ అంటే ఏమిటో ఇక్కడ వివరించడం లేదు.

గాలి ఎటు నుంచి వస్తుందో ముందు తెలుసుకోవాలి

ఆస్ట్రేలియా ప్రధాన భూభాగానికి దక్షిణంగా, సుమారు 240 కిలోమీటర్ల వెడల్పున్న బాస్ జలసంధికి అవతల, దక్షిణ అక్షాంశం 40 డిగ్రీల నుంచి 44 డిగ్రీల మధ్య ఈ దీవి ఉంది. ఆ అక్షాంశాల్లో పడమటి గాలులకు అడ్డుపడే నేల దాదాపు లేదు. దక్షిణ అమెరికా కొసను దాటాక వేల కిలోమీటర్ల సముద్రం మీదుగా తేమను మోసుకొచ్చే గాలి మొట్టమొదట తగిలేది టాస్మేనియా పడమటి కొండలకే. అందుకే పడమట కొన్నిచోట్ల ఏడాదికి 2,400 మిల్లీమీటర్లకు మించి వాన కురుస్తుంటే, కొండలకు ఇవతల వైపున్న రాజధాని హోబార్ట్‌లో అది 600 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఆగిపోతుంది. పడమట దట్టమైన వర్షారణ్యం, తూర్పున పొడిగా ఉండే తీరం, మధ్యలో ఎత్తయిన పీఠభూమి ఏర్పడడానికి కారణం ఈ గాలే.

ప్రయాణాన్ని ఈ ఒక్క సంగతి మీద అమర్చుకోవచ్చు. నా సలహా ఏమిటంటే, పది పన్నెండు రోజులుంటే రెండే మకాములు పెట్టుకోవాలి: ఒకటి క్రేడిల్ మౌంటెన్ దగ్గర, రెండోది తూర్పు తీరంలో ఫ్రేసినే ద్వీపకల్పాన్ని ఆనుకుని ఉన్న కోల్స్ బేలో. హోబార్ట్ నుంచి గంటకు పైగా ప్రయాణంలో ఉన్న మౌంట్ ఫీల్డ్ నేషనల్ పార్కును వచ్చేటప్పుడో వెళ్లేటప్పుడో కలుపుకోవచ్చు. రోజూ రాత్రి ఆస్ట్రేలియా వాతావరణ శాఖ వారి పీడన పటం చూసి, నైరుతి నుంచి వచ్చే చలిగాలుల వరుస ఎప్పుడు దీవిని దాటుతుందో గమనించుకోవాలి. ఆ వరుస దాటుతున్న రోజున కొండ కనిపించదు కాబట్టి అడవిలోకి వెళ్లాలి; దాటిన మరుసటి రోజున మబ్బులు ముక్కలై, వాటి సందుల్లోంచి వెలుతురు కొండల మీద పరుగులు తీస్తుంది కాబట్టి తెల్లవారకముందే సరస్సు దగ్గర ఉండాలి. ఆకాశంలో ఒక్క మబ్బు లేని రోజు వచ్చిందంటే ఆ రోజు బట్టలు ఉతుక్కోవడం మేలు. పర్యాటకులు కోరుకునే వాతావరణం వేరు, మనం కోరుకునేది వేరు.

సూర్యుడు ఉత్తరాన ఉంటాడు

ఉత్తరార్ధగోళంలో ఫొటోలు తీయడం అలవాటైనవారు ఇక్కడ మొదటి రెండు రోజులు తప్పకుండా పొరబడతారు, నేనూ పడ్డాను. మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరపు ఆకాశంలో ఉంటాడు, తూర్పు నుంచి పడమరకు వెళుతూ మనం ఉత్తరానికి తిరిగి చూస్తే కుడి నుంచి ఎడమకు జరుగుతాడు. అంటే దక్షిణపు వాలులు నీడలో ఉంటాయి, ఉత్తరపు వాలులు ఎండలో ఉంటాయి. డవ్ సరస్సు ఒడ్డున నిలబడి క్రేడిల్ మౌంటెన్‌ను చూడడమంటే దక్షిణానికి చూడడమే. మధ్యాహ్నం వేళ సూర్యుడు సరిగ్గా మన వీపు వెనక ఉండి, 1,545 మీటర్ల ఆ శిఖరాన్ని గోడకు అంటించిన బొమ్మలా చదునుగా చేస్తాడు. ఉదయం, సాయంత్రం మాత్రం వెలుతురు పక్క నుంచి పడి రాతి స్తంభాల మధ్య నీడలు నిలుస్తాయి.

ఈ రాతి స్తంభాల గురించి ఒక మాట చెప్పాలి. ఇది డోలరైట్, సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట భూగర్భం నుంచి పైకి తన్నుకొచ్చిన శిలాద్రవం చల్లారుతూ నిలువునా పగిలి ఏర్పడిన రాయి. హోబార్ట్ వెనక 1,271 మీటర్ల ఎత్తున నిలబడిన కునానీ కొండ మీద కనిపించేదీ, టాస్మన్ ద్వీపకల్పంలో కేప్ పిల్లర్ దగ్గర సముద్రంలోకి దాదాపు 300 మీటర్లు నిటారుగా దిగేదీ ఈ రాయే. నిలువు గీతలున్న రాయికి పక్క వెలుతురే ప్రాణం. మన వీపు వెనక నుంచి పడే వెలుతురులో అది కేవలం బూడిదరంగు గోడ. నైరుతిలో ఉన్న ఫ్రెంచ్‌మన్స్ క్యాప్ లాంటి శిఖరాలు తెల్లటి క్వార్ట్‌జైట్. దూరం నుంచి వాటిని మంచు అనుకునే అవకాశం ఉంది, కెమెరా మీటర్ కూడా అలాగే భ్రమపడి ఫొటోను నల్లబరుస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు దాకా పెంచుకుని హిస్టోగ్రామ్ చూసుకోవాలి.

ఏ నెలలో వెళ్లాలి

ఒక్కసారే వెళ్లగలిగినవారు ఏప్రిల్ ఆఖరి వారం నుంచి మే నెల మధ్యలో వెళ్లడం మంచిది. ఆస్ట్రేలియా స్థానిక వృక్షాల్లో చలికాలానికి ముందు ఆకు రాల్చే చెట్టు ఒక్కటే ఉంది. స్థానికులు దాన్ని ఫేగస్ అంటారు. అది టాస్మేనియా ఎత్తైన ప్రదేశాల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా పెరగదు. మౌంట్ ఫీల్డ్‌లో లేక్ ఫెంటన్ పరిసరాల్లోనూ, అక్కడి టార్న్ షెల్ఫ్ మీదా, క్రేడిల్‌లో క్రేటర్ లేక్ చుట్టూ ఇది పసుపు, నారింజ, తుప్పు ఎరుపు రంగుల్లోకి తిరుగుతుంది. దూరం నుంచి కొండవాలు మొత్తాన్ని తీయాలని అందరూ ప్రయత్నిస్తారు. నాకు మాత్రం దగ్గర నుంచి చూసినప్పుడే ఈ చెట్టు అర్థమైంది. ఆకు బొటనవేలి గోరు కన్నా పెద్దదేమీ కాదు, విసనకర్రలా మడతలు మడతలుగా ఉంటుంది, రంగు మారడం అంచు నుంచి మొదలై ఈనెల వెంబడి లోపలికి దిగుతుంది. మడతల గాళ్లలో వాన నీరు నిలిచి, ఒకే ఆకులో ఎరుపూ పసుపూ ఇంకా విడవని పచ్చదనమూ కలిసి కనిపించే రోజులు ఏడాదికి ఎన్నో ఉండవు. ఆ ఆకును తీయడానికి మేఘావృతమైన వెలుతురు, ఎఫ్ 8 లేదా ఎఫ్ 11, పోలరైజర్, గాలి ఆగేదాకా ఓపిక సరిపోతాయి.

శీతకాలానికి ఉన్న గొప్పతనం వేరు. జూన్ ఆఖరున హోబార్ట్‌లో పగలు సుమారు 9 గంటలే, నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు 24 డిగ్రీల ఎత్తు దాటడు. కాబట్టి రోజంతా ఏటవాలు వెలుతురే ఉంటుంది, ఉదయం ఏడింటికి లేచినా సూర్యోదయం తప్పిపోదు. డిసెంబరులో పగలు 15 గంటలు దాటుతుంది; వేకువకు ముందే లేచి, రాత్రి తొమ్మిదికి పడుకునే ఫొటోగ్రాఫర్ మూడో రోజుకు నిలబడి నిద్రపోతాడు. ఏ నెలలోనైనా ఎత్తు ప్రదేశాల్లో మంచు కురవవచ్చు, జనవరిలో కూడా. ఈ మాటను ఎవరో భయపెట్టడానికి చెప్పినట్టుగా తీసుకోవద్దు.

సామాను, తడి

లెన్సులు రెండు చాలు: ఒక వైడ్ యాంగిల్, ఒక 70–200. మొదటిసారి వెళ్లేవారు వైడ్‌ను అతిగా వాడతారు. ఎదురుగా ఉన్న కొండ ఆ లెన్సులో చీమ పుట్టంత అయిపోతుంది. నా మంచి ఫొటోల్లో సగానికి పైగా పొడుగు లెన్సుతో తీసినవే, ఎందుకంటే ఈ దీవిలో అందం ఎక్కువగా మబ్బు తెర మధ్యలో ఒక క్షణం తెరుచుకునే చిన్న కిటికీలో ఉంటుంది.

ట్రైపాడ్ బరువైనదే తీసుకోవాలి, మధ్య స్తంభాన్ని పైకి లేపకూడదు. గాలి బలంగా ఉన్నప్పుడు కాళ్లను మామూలుకన్నా వెడల్పుగా చాపి, ఎత్తు తగ్గించి, ఒక కాలు గాలి పోయే దిశగా ఉండేట్టు నిలపాలి. కింద సంచి వేలాడదీయమని చాలామంది చెబుతారు గానీ గాలిలో ఊగే సంచి ట్రైపాడ్‌ను కూడా ఊపుతుంది. వేలాడదీసినా సంచి అడుగు నేలను తాకేలా ఉండాలి. గొడుగు పనికిరాదు. లెన్సు తుడిచే గుడ్డలు ఆరేడు, ఒక్కొక్కటీ విడి కవరులో పెట్టి, రెండు జేబుల్లో పంచుకోవాలి: కుడి జేబులో పొడివి, ఎడమ జేబులో తడిసినవి. ఇది చిన్నపిల్లల నియమంలా కనిపిస్తుంది, వానలో వేళ్లు మొద్దుబారినప్పుడు విలువ తెలుస్తుంది. వానను ఎదురుగా పెట్టుకుని తీయాల్సి వస్తే లెన్సు మీద గుడ్డ కప్పి ఉంచి, కూర్పు, ఫోకస్ అన్నీ ముందే సరిచూసుకుని, గుడ్డ తీయడం, షట్టర్ నొక్కడం, మళ్లీ కప్పడం ఒకే ఊపులో చేయాలి.

బయట చలిలో తిరిగిన కెమెరాను నేరుగా వెచ్చటి గదిలోకి తెస్తే లోపలా బయటా చెమ్మ పడుతుంది. సంచి జిప్ మూసి, గదిలో గంటా రెండు గంటలు అలాగే వదిలేయాలి. కార్డు మాత్రం బయటే తీసుకుంటే ఆ సమయంలో ఫొటోలు చూసుకోవచ్చు.

జిప్‌ల ప్రస్తావన వచ్చింది కాబట్టి కరావాంగ్‌ల సంగతి చెప్పాలి. కాకి కన్నా పెద్దగా, నల్లగా, పసుపు కళ్లతో ఉండే ఈ పక్షులు నడకదారుల్లో సంచుల జిప్‌లు ముక్కుతో లాగి తెరవడం నేర్చుకున్నాయి. ఒకసారి నేను ట్రైపాడ్ దగ్గర వంగి ఉండగా నా సంచి పక్క అరను తెరిచి, బిస్కెట్లు లేవని తెలిశాక, లెన్సు గుడ్డను ఎత్తుకుపోయి ఎదుటి బండ మీద పెట్టుకుని కూర్చుంది. సంచి జిప్‌లను ఒకదానికొకటి చిన్న క్లిప్పుతో బిగించి ఉంచండి.

డవ్ సరస్సు

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, లక్షలమంది ఫొటోలు తీసిన చోటే మొదలుపెట్టమంటాను. డవ్ సరస్సు చుట్టూ దారి సుమారు 6 కిలోమీటర్లు, ఒడ్డున 1940లో కట్టిన చెక్క పడవశాల ఉంది. పగటి వేళ ఇక్కడికి షటిల్ బస్సులోనే రావాలి. బస్సు నడవని వేకువ, సాయంత్రం వేళల్లో సొంత వాహనానికి ఏ నియమాలు వర్తిస్తాయో ముందురోజే విజిటర్ సెంటర్‌లో అడిగి తెలుసుకోవాలి. పార్క్ పాస్ కూడా అక్కడే కొనుక్కోవచ్చు.

మొదటిరోజు కెమెరా బయటకు తీయకుండా చుట్టూ నడవండి. రెండో రోజు మీకు నచ్చిన మూడు చోట్లకే వెళ్లండి. మూడో రోజు ఒక్క చోటే కూర్చోండి. నేను అలా కూర్చున్న ఒక ఉదయం తొలి గంటన్నర సేపు తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు, పక్కన ఉన్న నలుగురు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆ తరువాత మబ్బు అడుగుభాగం నీటి మీంచి అరచెయ్యి మందాన లేచింది, ఆ సందులో అవతలి ఒడ్డున ఉన్న పెన్సిల్ పైన్ చెట్ల మొదళ్లు మాత్రమే కనిపించాయి. శిఖరం ఆ రోజంతా కనిపించలేదు. ఆ ఫొటోలో కొండ లేదు, అయినా క్రేడిల్‌ను తెలిసినవారు దాన్ని చూడగానే గుర్తుపడతారు. శిఖరం కోసం వచ్చామన్న పట్టుదలను వదులుకోకపోతే ఇలాంటివి కంటబడవు.

అడవి లోపల

వానరోజుల్లో వాల్డ్‌హైమ్ దగ్గరి వర్షారణ్యానికి వెళ్లాలి. ఆస్ట్రియాలో పుట్టి ఇక్కడికి వచ్చిన గుస్తావ్ వైన్‌డార్ఫర్ 1912లో కింగ్ బిల్లీ పైన్ చెక్కతో వాల్డ్‌హైమ్ అనే విడిది కట్టి, ఈ ప్రాంతాన్ని నేషనల్ పార్కుగా కాపాడాలని జీవితమంతా ప్రచారం చేశాడు. ఆ ఇంటి వెనక మొదలయ్యే చిన్న దారిలో మర్టిల్ చెట్లు, వాటి మీద చెయ్యి మునిగేంత నాచు ఉంటాయి. ఎండలో ఈ అడవిని తీయడం వృథా. ఆకుల సందుల్లోంచి పడే తెల్లటి మచ్చలు ఫొటోను చించేస్తాయి. మబ్బు పట్టినప్పుడు, ముఖ్యంగా వాన వెలిసిన అరగంటలో, పోలరైజర్‌ను మెల్లగా తిప్పుతూ చూస్తే ఆకుల మీది మెరుపు పోయి అడుగునున్న పచ్చదనం పైకి తేలుతుంది. పూర్తిగా తిప్పవద్దు, తడి అని తెలియడానికి కొంచెం మెరుపు మిగలాలి.

ఈ అడవిలో గందరగోళం ఎక్కువ, కొమ్మలు అన్ని వైపులకూ అల్లుకుని ఉంటాయి. ఫ్రేములో ఏది ఉండాలన్న దానికన్నా ఏది ఉండకూడదన్నది ముందు నిర్ణయించుకోండి. ఆకాశం ఏ మూలన కనిపించినా కన్ను అక్కడికే పోతుంది కాబట్టి దాన్ని పూర్తిగా తప్పించాలి. ఒక మొదలును పట్టుకుని, దాని వెనక చెట్లు ఒకదానిమీద ఒకటి పడకుండా విడివిడిగా కనిపించేదాకా అడుగు కుడికో ఎడమకో జరగాలి, అదీ దారి విడవకుండా.

డికాక్షన్ రంగు నీళ్లు

పడమటి నదులు, సరస్సుల నీళ్లు చిక్కటి డికాక్షన్ రంగులో ఉండడం చూసి మురికి అనుకోకండి. బటన్‌గ్రాస్ అనే గడ్డి పెరిగే పీట్ నేలల్లోంచి, అంటే సగం కుళ్లిన మొక్కలతో నిండిన నేలల్లోంచి, టానిన్లనే పదార్థాలు ఊరి నీటికి ఆ రంగు పట్టిస్తాయి. కెమెరాను ఆటో వైట్ బ్యాలెన్స్‌లో ఉంచితే అది ఆ గోధుమరంగును తప్పుగా భావించి నీలివైపు లాగుతుంది. డేలైట్ దగ్గర స్థిరంగా పెట్టుకోవాలి. నల్లటి నీళ్లలో ప్రతిబింబం అద్దంలోకన్నా నిండుగా కనిపిస్తుంది, కాబట్టి ఇక్కడ పోలరైజర్‌ను తీసేయడమే మంచిది.

ఈ నీటిని దగ్గరగా చూడడానికి లైయెల్ హైవే మీద ఫ్రాంక్లిన్ రివర్ నేచర్ ట్రెయిల్ దగ్గర ఆగితే చాలు, అరగంటలోపు నడక. అదే రోడ్డు మీద నెల్సన్ ఫాల్స్ ఉంది, ఫ్రెంచ్‌మన్స్ క్యాప్‌ను దూరం నుంచి చూపించే డోనగీస్ హిల్ ఉంది. జలపాతాలకు నేను అర సెకను షట్టర్ దగ్గర మొదలుపెడతాను. నిమిషాల తరబడి తెరిచి నీటిని పాల మీగడలా చేయడం నాకు నచ్చదు, నీటి బరువు పోతుంది. ఒక చోట మాత్రం ఎక్కువసేపు తెరవాలి: బండ పక్కన సుడిలో తిరిగే తెల్లటి నురుగు. దాన్ని పదిహేను, ఇరవై సెకన్లు తీస్తే నల్లటి నీటి మీద సున్నితమైన వలయాలు గీసినట్టు వస్తాయి. పాలపిట్ట ఈకంత నురుగు ముక్క ఒకటి ఆ సుడిలో పన్నెండు చుట్లు తిరిగి బయటపడడం నేను లెక్కపెట్టాను.

ఈ ఫ్రాంక్లిన్ నది దిగువన తీసిన ఒక ఫొటో ఒక దేశపు రాజకీయాన్ని కదిలించింది. జర్మనీలో 1945లో లాత్వియన్ తల్లిదండ్రులకు పుట్టి టాస్మేనియాలో పెరిగిన పీటర్ డాంబ్రోవ్‌స్కిస్ బరువైన లార్జ్ ఫార్మాట్ కెమెరాను వీపున మోసుకుని తిరిగేవాడు. పొగమంచులో ఉన్న రాక్ ఐలాండ్ బెండ్ అనే నది మలుపును ఆయన తీసిన ఫొటో, ఫ్రాంక్లిన్ మీద ఆనకట్టను వ్యతిరేకించినవారు 1983 మార్చి ఎన్నికలకు ముందు పత్రికల్లో ప్రకటనగా వేయించారు. ఆనకట్టను ఆపుతామన్న పక్షం గెలిచింది, ఆ జులై 1న ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు 4–3 తీర్పుతో ఆనకట్ట ఆగిపోయింది. ఆ ఫొటోను గమనిస్తే మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది: అందులో నాటకీయమైన సూర్యాస్తమయం లేదు, మెత్తటి వెలుతురు, నీరు, రాయి, మంచు మాత్రమే ఉన్నాయి. ఆ మలుపు దగ్గరకు ఇప్పటికీ రోజుల తరబడి తెప్పలో ప్రయాణిస్తే తప్ప చేరలేం.

తూర్పు తీరం

పడమట రోజుల తరబడి వాన పడుతుంటే తూర్పుకు మారాలి. ఫ్రేసినేలోని హజర్డ్స్ కొండలు గులాబీ గ్రానైట్, ఆ రంగు అందులోని ఫెల్డ్‌స్పార్ ఖనిజానిది. వైన్‌గ్లాస్ బే వ్యూ పాయింట్ అందరికీ తెలిసిందే; నా ఓటు మాత్రం కోల్స్ బే ఒడ్డు నుంచి సాయంత్రం ఆ కొండల మీద పడే ఆఖరి ఎండకు. సూర్యుడు మునిగాక కూడా ఇంకో పావుగంట ఆగితే రాతిలోని గులాబీ ఆకాశానికి అంటుకున్నట్టు ఉంటుంది.

ఇంకా ఉత్తరాన బే ఆఫ్ ఫైర్స్ ఉంది. గుండ్ల మీద పొరలా పెరిగే నారింజ రంగు లైకెన్ వల్ల ఆ పేరు వచ్చిందని చాలామంది అనుకుంటారు గానీ, 1773లో అటుగా వెళ్లిన టోబియాస్ ఫర్నో ఒడ్డున మూలవాసుల మంటలు చూసి పెట్టిన పేరది. ఈ లైకెన్‌ను ఎండలో తీస్తే రంగు కాలిపోతుంది, ఎర్ర చానల్ హిస్టోగ్రామ్ కుడిగోడకు తగులుతుంది. సూర్యోదయానికి ముందు వెలుతురులో, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి తీయండి. అలలకు వీపు పెట్టవద్దు. పదినిమిషాలు గమనించి, పొడిగా ఉన్న బండ మీదే ట్రైపాడ్ పెట్టండి. తడిసిన బండ అంటే ఇంతకుముందే ఒక అల అక్కడికి వచ్చి వెళ్లిందని అర్థం. తిరిగి వచ్చాక ట్రైపాడ్ కాళ్లు విప్పి మంచినీటితో కడగాలి.

రాత్రి

దక్షిణ ధ్రువజ్యోతి ఈ దీవి నుంచి కనిపిస్తుంది, 2024 మే 10, 11 తేదీల సౌర తుఫాను రాత్రుల్లో ఆకాశం సగం దాకా నిండింది. దక్షిణాన సముద్రం తప్ప దీపాలు లేని ఒడ్డు కావాలి, ఎఫ్ 2.8, ఐఎస్‌ఓ 1600 నుంచి 3200, ఐదు నుంచి పది సెకన్లు. కంటికి చాలాసార్లు అది బూడిదరంగు మసకలా ఉంటుంది, రంగు కెమెరాకే ముందు తెలుస్తుంది. దారి గురించి ఒక హెచ్చరిక: పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేదాకా వాంబాట్లు, పాడెమెలన్లు, టాస్మేనియన్ డెవిల్స్ లాంటి జంతువులు రోడ్ల మీదికి వస్తాయి. వేగం సగానికి తగ్గించండి, లేదా నడిచి వెళ్లగలిగే దూరంలోనే రాత్రి ఫొటోలు పెట్టుకోండి. నేను రెండోదే చేస్తాను.

నేల మీద మన అడుగు

దీవిలో సుమారు 42 శాతం నేల రక్షిత ప్రాంతాల్లో ఉంది, అందులో దాదాపు 15.8 లక్షల హెక్టార్లు ప్రపంచ వారసత్వ ప్రాంతం. నేషనల్ పార్కుల్లో అనుమతి లేకుండా డ్రోన్ ఎగరవేయకూడదు. ఎత్తు ప్రదేశాల్లో పచ్చటి దిండ్లలా కనిపించేవి కుషన్ మొక్కలు, ఒక్క ట్రైపాడ్ కాలు గుచ్చిన గుంట ఏళ్ల తరబడి పూడదు. కాలు రాయి మీదో చెక్కబాట మీదో పెట్టాలి. ఫైటోఫ్తోరా అనే వేరుకుళ్లు తెగులు బురదతో పాటు ఒక లోయ నుంచి మరో లోయకు చేరుతుంది కాబట్టి దారి మొదట్లో ఉండే బూట్లు కడిగే చోట ట్రైపాడ్ పాదాలు కూడా బ్రష్‌తో రుద్దాలి. ఈ రెండో పని చేసేవారిని నేను చాలా తక్కువగా చూశాను. నిప్పు రాజేయకూడదు, వెయ్యేళ్లు బతికే పెన్సిల్ పైన్ ఒకసారి కాలితే మళ్లీ చిగురించదు, 2016 జనవరి మంటల్లో మధ్య పీఠభూమి మీద అలాంటివి ఎన్నో పోయాయి. తీరంలో ఇసుకదిబ్బల మీద గుల్లల కుప్పలు కనిపిస్తే అవి మూలవాసులు వేల ఏళ్లుగా వదిలిన గుర్తులు, వాటి మీద నిలబడి ఎత్తు చూసుకోవద్దు.

సిగ్నల్ లేని చోట్లే ఎక్కువ. అరపూటకు మించిన నడకకు వెళితే ఆపదలో మనం ఉన్న చోటును సహాయక బృందాలకు తెలిపే లొకేటర్ బీకన్‌ను (అద్దెకు దొరుకుతుంది) వెంట పెట్టుకోవాలి. దీవిలో ఉన్న పాము జాతులు మూడు, మూడూ విషసర్పాలే. వేసవిలో కెమెరాను నేలకు దించే ముందు గడ్డిలో చూసుకోండి.

తిరిగి వచ్చాక

రంగులు పెంచే స్లైడర్‌ను ముట్టుకోకుండా వారం ఆగండి. ఈ దీవి పచ్చదనం నిజానికి ఆలివ్ వైపు మొగ్గుతుంది, బటన్‌గ్రాస్ మైదానాలు పాత ఇత్తడి రంగులో ఉంటాయి. వాటిని చిలకపచ్చగా మార్చారంటే ఆ ఫొటో ఎక్కడిదైనా కావచ్చు.

ఫొటోల నకళ్లు రెండు వేరువేరు ఇళ్లలో ఉంచండి. లిథువేనియా నుంచి వచ్చి హోబార్ట్‌లో స్థిరపడిన ఓలెగాస్ త్రుచానస్ ఏళ్ల తరబడి నైరుతి అరణ్యంలో తీసిన స్లైడ్లన్నీ 1967 ఫిబ్రవరి 7న వచ్చిన కార్చిచ్చులో ఇంటితో పాటు కాలిపోయాయి. ఆయన మళ్లీ మొదటి నుంచి తీయడం ప్రారంభించి, 1972 జనవరిలో గోర్డన్ నదిలో మునిగి చనిపోయాడు. ఆయన ఫొటోల్లో మిగిలిన లేక్ పెడర్ ఇసుకతీరం ఆ ఏడాదే ఆనకట్ట నీటి కింద మునిగింది. ఇప్పుడు హార్డ్ డిస్క్ ఇంకొకటి కొనడం ఎంత పని?

చివరి పని ఒక నోట్‌బుక్‌లో ఉంటుంది. తీసిన ఫొటో గురించి కాదు, తీయలేకపోయిన దాని గురించి రాయాలి: చోటు, నెల, గాలి దిక్కు, గంట. మరుసటి ప్రయాణానికి తేదీలు దాన్ని బట్టే నిర్ణయించుకోవాలి. నా పుస్తకంలో ఇలాంటివి పద్నాలుగు మిగిలాయి, మొదటిది ఇలా ఉంది: "రానీ క్రీక్, బటన్‌గ్రాస్ మీద మంచు పేరి ఉండాలి, మే ఆఖరు, గాలి అసలు ఉండకూడదు, ఉదయం ఎనిమిదిలోపు."